నలభై మూడో ప్రశ్న

ఆ ఎండాకాలమంతా మెదక్‌లో మా అరుగు మీద కెనడా దేశం పరుచుకుని ఉండింది. అరవై ఆరో సంవత్సరం, పీర్ల పండుగ ముగిసిన మర్నాడు అది మొదలైంది.

ఆ రోజు పక్కింటి ఫక్రుద్దీన్ గారు కూతురిని వెంటబెట్టుకుని వచ్చి మా అరుగు కింద నిలబడ్డారు. బజారులో గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం ఆయనది. మనుషులతో మాట్లాడేటప్పుడు కూడా ఎడమ కన్ను చిన్నది చేసి, లోపల ఏ చక్రం పన్ను అరిగిందో వెతుకుతున్నట్టు చూసేవారు. నాతో నేరుగా మాట్లాడడానికి మొహమాటపడి మా అత్తమ్మ వైపు తిరిగారు.

"అమ్మా, జర ఒక మాట. మీ కోడలు హైదరాబాదుల బీయే చదివిందట గద. మా ఖుర్షీదాకు ఇంగ్లీషు చెప్తదా?"

మా అత్తమ్మ వజ్రమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు. "ఇంగ్లీషు దొరలు పోయి ఇరువై ఏండ్లాయె సాబ్. ఇప్పుడెవలితోని మాట్లాడ్తది?"

"మిషన్ దవాఖానల నర్సు ట్రైనింగు ఉన్నదమ్మా. వచ్చే నెల ఇంటర్వ్యూ. అంత ఇంగ్లీషులనే. గీమెదేమో ఉర్దూ మీడియం. పోయినేడు పోయి, నోరు తెరువకుంట వచ్చింది."

ఖుర్షీదా తండ్రి వెనుక, ముసుగు పైకెత్తి, నేల చూస్తూ నిలబడి ఉంది. పంతొమ్మిదేళ్లుంటాయి. రెండేళ్ల కిందట ఆమె తల్లి షాజహాన్ బీకి టైఫాయిడ్ వస్తే పద్దెనిమిది రోజులు ఆ దవాఖానాలో తోడుంది. అక్కడ నర్సులు మంచం మీద దుప్పటి మూలలు మడిచే పద్ధతి చూసి వచ్చి, ఇంట్లో నవారు మంచాలన్నిటికీ అదే మడత వేసేది. మా ప్రహరీ మీదుగా నేను చూశాను. ఒక్క మూల కూడా వంకర లేదు. అలాంటివి నాకు కనబడకుండా పోవు.

"జహీరాబాదుల మా అక్క కొడుకున్నడు. ఇస్తనని మాటిచ్చిన," అన్నారు ఫక్రుద్దీన్ గారు. "ఇంకొక్కపారి పోనీ అబ్బా అని ఇది ఏడిస్తే, సరేనని దీనికి కూడ మాటిచ్చిన. సీటొస్తే నర్సు. రాకుంటే రజబ్ నెలల నికా. రెండు మాటలు ఇచ్చి నేను పరేషాన్ల ఉన్న."

అత్తమ్మ గింజల చేట పక్కకు జరిపింది. "అరుగు మీద కూసోని చెప్పుకుంటే నాకేంది. పగటి పూట మా కోడలికి ఎట్లైన పనుండది."

ఆ మాట అంటున్నప్పుడు నా చేతిలో నానబెట్టిన మినపపప్పు ఉంది. పెళ్లయి మూడేళ్లలో నేను ఆమెను ఏదీ అడిగిందీ లేదు, ఆమె అన్నదానికి ఎదురు చెప్పిందీ లేదు. దాన్ని మంచితనం అనుకునేదాన్ని.

*

ఖుర్షీదా ఒక పుస్తకం తెచ్చింది. అట్ట ఊడి, దారాలు బయటపడి ఉంది. పోయినేడు ఇంటర్వ్యూలో నోరు తెరవకుండా బయటికి వచ్చినప్పుడు అక్కడి సిస్టర్ నవోమి జాలిపడి, దవాఖానా పాత పెట్టెలోంచి తీసి ఇచ్చిందట. బయటి దేశాల నుంచి కెనడాకు కొత్తగా వచ్చి స్థిరపడేవాళ్లకు ఇంగ్లీషు నేర్పడానికి రాసిన పుస్తకం అది. ప్రతి పాఠానికీ ఒక బొమ్మ, బొమ్మ కింద పది పన్నెండు వాక్యాలు. నదులు, గోధుమ పొలాలు, రైలు, చలికాలం, పండుగలు, పెళ్లిళ్లు. ఆ దేశం తెలిసేసరికి భాష కూడా వచ్చేయాలని రాసినవాళ్ల ఉద్దేశం.

నాకు వెంటనే ఒక ఆలోచన తట్టింది. దవాఖానాలో నర్సులకు పెద్ద, ఊళ్లో అందరూ పెద్ద మిస్సమ్మ అని పిలిచే మిస్ ఆల్డెన్, కెనడా దేశస్థురాలు. ఆమె దేశం గురించి ఆమెకే గడగడా చెబితే ఇంకేం కావాలి? పుస్తకమంతా జల్లెడ పట్టి నలభై రెండు ప్రశ్నలు తయారుచేశాను. నలభై రెండిటికీ జవాబులు రాశాను. నా కాలేజీ పెట్టెలోంచి ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉన్న పెన్సిలు తీసి చెక్కాను. తప్పుకు ఎరుపు, ఒప్పుకు నీలం.

మొదటి రోజు అత్తమ్మ ఆ పిల్లకు మంచినీళ్ల కోసం విడిగా ఒక గ్లాసు పెట్టింది. అరుగు చివర, గోడ పక్కన. ఖుర్షీదా చూసింది, నేనూ చూశాను. ఇద్దరం సెయింట్ లారెన్స్ నది దగ్గరికి వెళ్లిపోయాం.

నాలుగో రోజుకు అత్తమ్మ తలుపు వెనుకకు వచ్చింది. ఆరో రోజుకు గడప మీదికి. పనేదైనా చేతిలో పెట్టుకునే వచ్చేది, మా మాటలు వినడానికి వచ్చిందని అనుకోకుండా. ఆమెకు చదువు రాదు. నేను ప్రతి పాఠాన్నీ ముందు తెలుగులో చెప్పి, తర్వాత ఇంగ్లీషులోకి వెళ్లేదాన్ని. ఆ తెలుగు ముక్క కోసం ఆమె వచ్చేది.

మాపుల్ చెట్ల పాఠం రోజున ఉండబట్టలేకపోయింది. మార్చి నెలలో చెట్టుకు చిన్న రంధ్రం పెట్టి, డబ్బా కట్టి, కారిన నీళ్లను పొయ్యి మీద కాచి పానకం చేస్తారని చెబుతున్నాను.

"అంటే ఈదులు గీసినట్టేనా?"

"అట్లాంటిదే అత్తమ్మా. కానీ అది కల్లు కాదు. తియ్యగా ఉంటుంది."

"పులువనిస్తలేరు గావచ్చు. ఎంత కాగవెడ్తరు?"

"నలభై కుండలు కాస్తే ఒక్క కుండ వస్తుందట."

"నలుబై కుండలకు ఒక్కటా! కట్టెలెవలు దెస్తరు? ఆడోళ్లేనా?"

పుస్తకం తిరగేశాను. కట్టెలెవరు తెస్తారో లేదు.

"రాసినోడు ఎన్నడు పొయ్యి కాడ కూసోలే," అని తేల్చేసింది అత్తమ్మ. ఖుర్షీదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను పెన్సిలు నీలం కొసతో అరుగు మీద కొట్టి, పన్నెండో ప్రశ్న అడిగాను.

పది మంది ఆడవాళ్లు కూడి బొంతలు కుట్టే పాఠం అత్తమ్మకు అన్నిటికంటే నచ్చింది. ఆ బొమ్మను దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది. "గీ మూలకున్నామె కుడుతలేదు. ముచ్చట్లు చెప్తుంది," అంది. అది నిజం. నేను ఆ బొమ్మను వారం నుంచి చూస్తున్నాను, గమనించలేదు.

మే నెలాఖరుకు ఖుర్షీదా ముప్పై జవాబులు తప్పు లేకుండా చెప్పేది. కానీ పుస్తకం మూసి, "పొద్దున ఏం తిన్నావు?" అని ఇంగ్లీషులో అడిగితే నోట మాట రాదు. అది నాకు తెలుసు. సమయం తక్కువ, జవాబులు గట్టిపడితే ధైర్యం అదే వస్తుందని సర్దుకున్నాను.

మా ఆయన మదన్ మోహన్ తహసీలు ఆఫీసులో గుమాస్తా. ఒక సాయంత్రం సైకిలు అరుగుకు ఆనిస్తూ, ఖుర్షీదా అప్పగిస్తున్న పాఠం కాసేపు విన్నారు. ఆ పిల్ల వెళ్లిపోయాక నన్ను పేరు పెట్టి పిలిచి అన్నారు, "ఈ పిల్ల కెనడాకు పోతే తప్పిపోదు గోదావరీ. మెదక్‌లనే తప్పిపోతది."

ఆ రాత్రి వంటలో నేను ఉప్పు తక్కువ వేశాను. మర్చిపోయి కాదు.

*

చలికాలం పాఠం జూన్ మొదటి వారంలో వచ్చింది. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. మృగశిర కార్తె దగ్గరపడినా మబ్బు జాడ లేదు. ఆ వేడిలో కూర్చుని, మంచు ఎంత ఎత్తున పడుతుందో, చెరువులు ఎలా గడ్డకడతాయో, వాటి మీద బండ్లు ఎలా నడుస్తాయో చెప్పాను. నేల అడుగుల లోతున రాయిలా బిగుసుకుపోతుందని, గడ్డపార దిగదని చెప్పాను.

అత్తమ్మ విసనకర్ర ఆపింది.

"గడ్డపార దిగదా?"

"దిగదు."

"మరి సచ్చినోళ్లను ఏడ పెడ్తరు? వాళ్లు కాల్చరు గద. కిరస్తానోళ్లు, వీళ్ల లెక్కనే పెడ్తరు గద," అంటూ ఖుర్షీదా వైపు చూపించింది.

"అది పుస్తకంలో లేదు అత్తమ్మా."

"పుస్తకంల లేకుంటే ఆడ సచ్చుడు లేదా?"

"మనకు ఇంటర్వ్యూకు పదిహేను రోజులే ఉంది," అన్నాను. గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది. అత్తమ్మ మళ్లీ విసనకర్ర తీసుకుంది. ఖుర్షీదా కళ్లు ప్రహరీ అవతల ఎక్కడో ఉన్నాయి.

మర్నాడు ఆమె నోటుబుక్కు దిద్దుతుంటే, నలభై రెండో జవాబు కింద, నేను చెప్పని ఒక వాక్యం కనబడింది. ఇంగ్లీషులో, చాలాసార్లు కొట్టివేసి మళ్లీ రాసిన వాక్యం. నేల రాయి అయిన రోజుల్లో మనిషి చనిపోతే మీరు ఎక్కడ ఉంచుతారు అని.

"ఇది ఎందుకు రాశావు?"

"దాదీ అడిగింది కద బాజీ. నాకు రాత్రంత గదే యాదికొచ్చింది. మా నానాను, అమ్మీ వాళ్ల అబ్బాను, పెట్టిన నాడు వానపడి గుంతల నీళ్లు నిండినై. మా మామలు చేతులతోని ఎత్తిపోసిండ్రు. మరి వాళ్లేం చేస్తరో అని."

"దవాఖానాలో ఇంటర్వ్యూకు పోయి చావు సంగతి ఎత్తుతారా ఎవరైనా?"

ఎరుపు కొసతో ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాను. అందులో రెండు తప్పులు కూడా ఉన్నాయి. వాటిని దిద్దలేదు. కొట్టేసేదాన్ని దిద్దడం దేనికి?

*

ఇంటర్వ్యూ జూన్ ఇరవై, సోమవారం. ఫక్రుద్దీన్ గారు దవాఖానా గేటు బయటే ఉండిపోయారు. నేను ఖుర్షీదాతో లోపలి వరండాదాకా వెళ్లాను. ఆఫీసు గదికి సగం తలుపు. దాని పక్కనే బల్ల. నేను బల్ల మీద కూర్చుంటే లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి. ఎదురుగా ఆవరణ మీదుగా చర్చి గోపురం ఎండలో తెల్లగా మండుతోంది.

సిస్టర్ నవోమి పేరు, ఊరు, చదువు అడిగింది. ఖుర్షీదా చెప్పింది. తర్వాత మిస్ ఆల్డెన్ గొంతు వినబడింది, మెల్లగా, ఒక్కొక్క మాట విడదీసి. పోయినేడు నువ్వు ఏమీ మాట్లాడలేదు, ఇప్పుడు ఇంగ్లీషు ఎలా నేర్చుకున్నావు అని ఇంగ్లీషులో అడిగింది.

"కెనడా పుస్తకంతో మేడమ్."

"అలాగా! అయితే నాకు కెనడా గురించి చెప్పు."

ఖుర్షీదా మొదలుపెట్టింది. నదులు, సరస్సులు, వాటి పొడవులు, గోధుమలు, రైలు. ఎక్కడా ఆగలేదు. నేను వరండాలో వేళ్ల మీద లెక్కపెడుతున్నాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పద్నాలుగో జవాబు మధ్యలో మిస్ ఆల్డెన్ ఆపింది.

"చాలా బాగా కంఠస్థం చేశావు," అంది. ఆ మాటలో మెప్పు ఎంత ఉందో, ఇంకేదో అంతే ఉంది. తర్వాత కాగితం పక్కన పెట్టిన చప్పుడు. "నువ్వు నన్ను ఏమైనా అడగాలనుకుంటున్నావా?"

నా వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

నలభై రెండు జవాబులు నేర్పాను. ప్రశ్న ఒక్కటి కూడా నేర్పలేదు. ఎలా నేర్పుతాను? నా స్కూల్లో గానీ, కాలేజీలో గానీ, నువ్వేమైనా అడుగుతావా అని నన్ను అడిగినవాళ్లు లేరు. బీయే పరీక్షలో అడిగినవాటికి జవాబులు రాసి, సెకండు క్లాసులో పాసై, పెళ్లి చేసుకుని వచ్చాను.

లోపల ఫ్యాను మాత్రం కిరకిరలాడుతోంది. అయిపోయింది, జహీరాబాదే అనుకున్నాను.

అప్పుడు ఖుర్షీదా గొంతు వినబడింది. చిన్నగా, తడబడుతూ. నేను ఎరుపుతో కొట్టేసిన వాక్యం, ఆ రెండు తప్పులతో సహా.

కుర్చీ కొంచెం జరిగింది.

"శ్మశానం దగ్గర ఒక చిన్న రాతి గది ఉంటుంది," అంది మిస్ ఆల్డెన్. "శవపేటికలు అందులో ఉంచుతారు. వసంతంలో నేల మెత్తబడేదాకా. అప్పుడు తవ్వుతారు." కొంచెం ఆగి అంది, "మా అమ్మ జనవరిలో పోయింది. ఏప్రిల్ దాకా అక్కడే ఉంది. మార్చిలో నా ఓడ. నేను ఆగలేదు. నేను బొంబాయిలో దిగిన తర్వాత ఉత్తరం వచ్చింది, అమ్మను మట్టిలో పెట్టామని."

తర్వాత సిస్టర్ నవోమి గొంతు తొందరతొందరగా అంది, "సరే, ఇగ నువ్వు పోవచ్చు. లిస్టు గురువారం పెడ్తరు."

ఖుర్షీదా బయటికి వచ్చింది. "బాజీ, ఆమె కండ్లు తుడుచుకుంది. నేను ఖరాబు చేసినా?"

ఆమె ముసుగు దించి గేటు వైపు నడిపించాను. గేటు దగ్గర ఫక్రుద్దీన్ గారు ఎడమ కన్ను చిన్నది చేసి ఇద్దరి ముఖాలూ చూశారు. తలకు రుమాలు చుట్టుకుని ముందు నడిచారు.

*

అత్తమ్మ గడపలోనే కూర్చుని ఉంది. జరిగిందంతా చెప్పాను. నా తప్పు కూడా దాచలేదు. ఖుర్షీదా గోడకు ఆనుకుని, చేతిలో గ్లాసుతో, నీళ్లు తాగకుండా నిలబడింది. ఆ గ్లాసు మా ఇంట్లో అందరూ తాగే రాగి గ్లాసు. అరుగు చివరి గ్లాసు ఎప్పుడు మిగతావాటిలో కలిసిపోయిందో నాకు తెలియదు. నేను గమనించనివి కూడా ఉంటాయని ఆ వేసవి నాకు చాలాసార్లు చెప్పింది.

అత్తమ్మ అంతా విని, ఒకటే అడిగింది.

"బొంబాయిల దిగినంక ఉత్తరం వచ్చిందంటివి. అప్పుడామెకు అన్నం ఎవలు పెట్టిండ్రు?"

"తెలియదు."

"ఎవలు పెట్టకపోవచ్చు. కొత్త దేశమాయె. ఎవలికి తెలుస్తది?" లేచి నిలబడింది. "రేపు మంగళారం. పలకరియ్య పోవద్దు. ఎల్లుండి పోదాం."

అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది. "అత్తమ్మా, గురువారం లిస్టు. బుధవారం మనం అన్నం పట్టుకుని పోతే సీటు కోసం వచ్చారనుకుంటారు. ఆ పిల్లకే నష్టం. లిస్టు పడ్డాక పోదాం."

"సావుకు లిస్టేంది పిల్లా?"

"అది కాదు అత్తమ్మా..."

"సావైన ఇంట్ల పొయ్యి వెలగదని సుట్టాలు బువ్వ తెస్తరు. ఆమెకు సుట్టాల్లేరు. తెలువక ఊకున్నం. తెలిసినంక ఊకుంటే మనం మనుషులమేనా?" అని, ఖుర్షీదా వైపు తిరిగింది. "నువ్వు సుత రావాలె. ఆమె ఇంగ్లీషుల ఏడిస్తే నాకు తెలువద్దా?"

ఖుర్షీదా నా వైపు చూసింది. పోవాలా వద్దా అన్న నిర్ణయం ఆమెదే. పోగొట్టుకునేదీ ఆమే. "వస్త దాదీ," అంది.

బుధవారం పొద్దున అత్తమ్మ తానే వండింది. పోపు పెట్టని పప్పు, అన్నం, ఉడికించిన కూర. మా ఇళ్లలో చావు జరిగిన ఇంటికి తీసుకుపోయే వంటలో తాలింపు ఉండదు. టిఫిన్ క్యారియర్ తానే పట్టుకుంది. ఫక్రుద్దీన్ గారు దుకాణం తెరవకుండా మా వెనుక నడిచారు. ఆయనకు ఇదంతా నచ్చలేదని వెనక్కు చూడకుండానే చెప్పగలను, అడుగుల చప్పుడులో తెలుస్తోంది.

వరండాలో సిస్టర్ నవోమి అడ్డం వచ్చింది. క్యారియర్ చూసి కనుబొమలు ముడిచింది. "ఇంటర్వ్యూకు వచ్చినోళ్ల తరఫోళ్లు మిస్సమ్మను కలువొద్దమ్మా. రూలు ఉన్నది."

"మేం సీటు కోసం రాలేదు బిడ్డా. పలకరిద్దామని వచ్చినం."

"ఎవలు పోయిండ్రు?"

"మీ మిస్సమ్మ తల్లి."

నవోమి నోరు కొంచెం తెరుచుకుంది. "ఆమె పోయి తొమ్మిదేండ్లాయె గదమ్మా!"

"మాకు మొన్ననే తెలిసె," అంది అత్తమ్మ.

సిస్టర్ నవోమి పక్కకు తప్పుకుంది.

*

మిస్ ఆల్డెన్‌కు తెలుగు వచ్చు. చర్చి పుస్తకాలతో నేర్చుకున్న తెలుగు. "మీరు నా తల్లి నిమిత్తము వచ్చితిరా?" అంది, లేచి నిలబడి. పొడుగాటి మనిషి. జుట్టు నెరిసింది. ఏం చేయాలో తెలియక రెండు చేతులూ ఒకదానిలో ఒకటి పెట్టుకుంది.

అత్తమ్మ నేల మీద కూర్చుంది. మేమూ కూర్చున్నాం. మిస్ ఆల్డెన్ కుర్చీ వైపు చూసి, తానూ వచ్చి కింద కూర్చుంది.

"మీ అమ్మ పేరేందమ్మా?"

"మార్గరెట్."

"మార్గ్రేటమ్మ," అని అత్తమ్మ ఒకసారి తనకు వచ్చినట్టు అనుకుంది. "ఏం జేస్తుండె?"

మిస్ ఆల్డెన్ తెలుగులోనే మొదలుపెట్టింది. "మాకు వృక్షములు ఉండెను. మార్చి మాసమందు..." అక్కడ ఆగిపోయింది. రెండోసారి మొదలుపెట్టి మళ్లీ ఆగింది. తర్వాత ఇంగ్లీషులోకి వెళ్లిపోయింది. ఖుర్షీదా మోకాళ్ల మీద ముందుకు జరిగి, ఒక్కొక్క వాక్యాన్నీ తెలుగులోకి ఎత్తిపోసింది. తల్లి రాత్రుళ్లు పొయ్యి దగ్గర కూర్చుని చెట్టు నీళ్లు కాచేదట. ఆవిరితో గోడలన్నీ జిగటగా అయ్యేవట.

"నలుబై కుండలకు ఒక్క కుండ," అంది అత్తమ్మ.

మిస్ ఆల్డెన్ ఉలిక్కిపడింది. "మీకు ఎట్లు తెలిసినది?"

"ఎండాకాలమంత మా అరుగు మీద గదే ముచ్చట. ఒక్కటే తెలువలే. కట్టెలు ఎవలు దెస్తుండె?"

మిస్ ఆల్డెన్ నవ్వింది. నవ్వు మధ్యలో ఎక్కడో తెగి, ఏడుపు అయింది. "నేను," అంది తెలుగులో. "కట్టెలు నేను తెచ్చుచుంటిని."

అత్తమ్మ క్యారియర్ విప్పింది. గిన్నెలో అన్నం, పప్పు కలిపి ముందు పెట్టింది. మిస్ ఆల్డెన్ చేత్తోనే తిన్నది. నాలుగు ముద్దలు తినేదాకా అత్తమ్మ కదలలేదు. తర్వాత లేచి, ఖాళీ గిన్నెలు కూడా తీసుకోకుండా, ఒక్క మాట అనకుండా, వెనక్కు తిరిగి చూడకుండా బయటికి నడిచింది.

మిస్ ఆల్డెన్ కంగారుపడింది. "ఆమెకు కోపము వచ్చినదా? నేనేమైనా తప్పు..."

నేను నోరు తెరవబోయాను. కానీ ఖుర్షీదా అప్పటికే మాట్లాడుతోంది. ఇంగ్లీషులో.

"కోపం కాదు మేడమ్. మా దేశంలో దుఃఖం ఉన్న ఇంటి నుంచి పోయేటప్పుడు వీళ్లు పోయొస్తామని చెప్పరు. వస్తామంటే, ఇలాంటి పని మీద మళ్లీ రావాలని కోరినట్టు అవుతుంది. అందుకని ఊరికే లేచిపోతారు. మీరు కూడా మళ్లీ రమ్మని అనకూడదు. ఆమె మళ్లీ వస్తుంది మేడమ్. వేరే రోజు, పోపు పెట్టిన పప్పుతో వస్తుంది."

నాలుగు తప్పులు. మామూలుగా అయితే నా చేయి పెన్సిలు కోసం వెతికేది. కానీ నేను వింటున్నది వేరే. ఆ పిల్ల "మా దేశంలో" అని మొదలుపెట్టింది. నేను రాసిచ్చిన నలభై రెండు జవాబుల్లో ఒక్కటి కూడా ఆ మాటతో మొదలవదు.

మిస్ ఆల్డెన్ చాలా శ్రద్ధగా తల ఊపింది, తనే కొత్త పాఠం వింటున్నట్టు. తర్వాత నా వైపు తిరిగింది. కెనడా జవాబులు రాసింది మీరేనా అని అడిగింది. అవునన్నాను, సిగ్గుపడుతూ. కొత్త బ్యాచీ పిల్లలకు రోజూ పొద్దున రెండు గంటలు ఇంగ్లీషు చెప్పడానికి మనిషి కావాలి, వస్తారా అంది. ఒక గంట మీరు అడగండి, ఒక గంట వాళ్లను అడగనివ్వండి అని కూడా అంది. ఇంట్లో అడిగి చెబుతానన్నాను. ఆ మాట అన్నాక గుర్తొచ్చింది, నేను ఇంట్లో ఎప్పుడూ ఏదీ అడగలేదని.

*

వరండా చివర నోటీసు బోర్డు ముందు ఫక్రుద్దీన్ గారు నిలబడి ఉన్నారు. గురువారం పెట్టాల్సిన లిస్టు ఒక రోజు ముందే పెట్టేశారు. వచ్చేటప్పుడు ఆ బోర్డు పక్కనుంచే నడిచి వచ్చాం, ఎవరమూ చూడలేదు. టైపు కాగితం కింద తేదీ మంగళవారంది. మేము అన్నం వండకముందే అయిపోయిన సంగతి అది.

ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. ఖుర్షీదా ఇంటర్వ్యూ కార్డు బోర్డుకు ఆనించి పట్టుకుని, కార్డు మీది ఒక్కొక్క అక్షరాన్నీ లిస్టులోని ఒక పేరుతో సరిచూస్తున్నారు, ఎడమ కన్ను మూసి, పళ్ల చక్రాలు సరిపోయాయో లేదో చూసినట్టు.

"బేటీ," అన్నారు, మొదటిసారి నాతో నేరుగా. "ఆఖరుదాంక కలుస్తున్నయి. ఇది మా ఖుర్షీదాదేనా? లేకుంటే గిసువంటి పేరే ఇంకొకలదా?"

"మీ ఖుర్షీదాదే," అన్నాను.

ఆ పిల్ల గొంతులోంచి ఒక చిన్న అరుపు వచ్చింది. రెండు చేతులూ నా వైపు చాచింది.

"ఆగుండ్రి!" ముందు నడుస్తున్న అత్తమ్మ వెనక్కు తిరగకుండానే గదిమింది. "పలకరింపు కెళ్లి పోతున్నం. ఒకలనొకలు ముట్టుకోవద్దు, నవ్వద్దు. ఇంటికి పోయి నీళ్లు పోసుకున్నంక సంబురపడుదురు. నడువుండ్రి."

"తొమ్మిదేండ్ల కిందటిదానికి కూడనా అమ్మా?" అన్నారు ఫక్రుద్దీన్ గారు.

"మనం విన్ననాడే లెక్క సాబ్. మీరు సుత పోసుకోవాలె."

నలుగురం వరసగా, చేయి దూరంలో, ఎండలో నడిచాం. ఖుర్షీదా ముసుగు దించుకుంది. లోపల భుజాలు అదురుతున్నాయి. ఫక్రుద్దీన్ గారు కార్డును రెండు వేళ్లతో, తడి పెయింటు ముట్టుకున్నట్టు పట్టుకుని నడిచారు. దారిలో దుకాణం ముందు ఎవరో, "ఏమైంది భాయ్, లిస్టు పడ్డదా?" అని కేకేస్తే, నీళ్లు పోసుకున్నంక చెప్తనని చేత్తో సైగ చేశారు.

ఆ ఏడు బావిలో నీళ్లు అడుగంటాయి. చేద నాలుగుసార్లు దించితే ఒక బకెట్టు. అత్తమ్మ ముందు పోసుకుంది, తర్వాత నేను. నేను తడి జుట్టుతో పెరట్లోకి వచ్చేసరికి ఆమె చీర ఆరేస్తోంది.

"అత్తమ్మా, మిమ్మల్ని ఒకటి అడగాలి," అన్నాను.

"ఇన్న. గా సగం తలుపు అవతలనే ఉంటి. నాకింత ఇంగ్లీషు సమజైతనే ఉన్నది," అంది, చీర అంచు లాగుతూ. "పొద్దటి వంట నేను జూసుకుంట. పొయ్యిరా. కని పగటి పూట అరుగు మీద గా పుస్తకం నడువాలె. ఇంక మస్తు పాఠాలున్నై."

తర్వాత ప్రహరీ దగ్గరికి నడిచి, మునివేళ్ల మీద లేచి, అవతలికి కేకేసింది.

"ఖుర్షీదా! పోసుకున్నవా?"

"పోసుకున్న దాదీ!"

"మీ అబ్బా?"

"అబ్బా సుత!"

"అయితే ఇగ నవ్వుండ్రి," అంది మా అత్తమ్మ.